రాష్ట్ర ప్రభుత్వ కళా పురస్కారానికి ఫైలు ఎలా పెట్టాలి?

ఉగాది దగ్గరపడినా, జూన్ 2 దగ్గరపడినా అవే ప్రశ్నలు. ‘కళారత్నకు ఫారం ఎక్కడ దొరుకుతుంది?’ ‘మా నాన్నగారు 40 ఏళ్లుగా హరికథ చెబుతున్నారు, పేరు ఎవరికివ్వాలి?’ ‘ఎమ్మెల్యేగారి లెటరు ఉంటే సరిపోతుందా?’

ఫారం నింపడానికి అరగంట చాలు. దానికి జతచేసే కాగితాలు పోగుచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది, దెబ్బతినేది అక్కడే. ఎంపిక కమిటీ ముందు మీ నాన్నగారు గజ్జె కట్టి, చిడతలు పట్టుకుని నిలబడరు. ఆయన తరఫున నిలబడేది పాతిక పేజీల ఫైలు. ఆయన ఎంత గొప్పవారో చెప్పే ఫైళ్లు కమిటీ ముందు గుట్టలుగా ఉంటాయి. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశారో చెప్పే ఫైలు తయారుచేయండి. కింద చెప్పినవన్నీ దానికోసమే. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ రెంటికీ పనికొస్తుంది. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

ముందు ఇది తేల్చుకోండి

ప్రభుత్వ పురస్కారాలన్నీ ఒకే దారిలో రావు. మీరు ఆశిస్తున్నది ఏ రకమో తెలియకుండా తిరిగితే చెప్పులరగడం తప్ప ఫలితం ఉండదు.

మొదటి రకం, పేర్లు తీసుకుని వడపోసి ఇచ్చేవి. ఆంధ్రప్రదేశ్‌లో ఉగాదికి ఇచ్చే కళారత్న (హంస పురస్కారం అనేదీ దీన్నే), ఉగాది పురస్కారం ఈ కోవలోవి. దరఖాస్తుకూ సిఫారసుకూ ఇక్కడ విలువ ఉంది.

రెండోది, ప్రభుత్వం వేసిన కమిటీ తానే పేరు సూచించేవి. తెలంగాణలో జులై 22న ఇచ్చే దాశరథి పురస్కారం, సెప్టెంబరు 9న ఇచ్చే కాళోజీ పురస్కారం ఇలాంటివి. రెండూ సాహిత్యానికి ఇచ్చేవే, నగదు 1,01,116 రూపాయలు. వీటికోసం ఫారం పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగకండి. ఎవరైనా అడిగిననాడు ఇవ్వడానికి వివరాలు సిద్ధంగా ఉంటే చాలు.

మూడోది, పోటీకి ఎంట్రీ పంపేవి. ఆంధ్రప్రదేశ్ నంది నాటకోత్సవం, తెలంగాణ గద్దర్ ఫిల్మ్ అవార్డులు ఈ రకం. ఇక్కడ వ్యక్తి జీవితం కాదు, ఆ ఏటి నాటకమో సినిమానో చూస్తారు. ఈ రకం గురించి కింద విడిగా క్లుప్తంగా ఉంది.

ఇంకో సంగతి. పేర్లూ నగదూ ప్రభుత్వాన్ని బట్టి మారతాయి. 2021 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ జీవన సాఫల్య పురస్కారం 10 లక్షలతో, సాఫల్య పురస్కారం 5 లక్షలతో ఇచ్చారు. నంది సినిమా అవార్డులైతే 2014, 2015, 2016 సంవత్సరాలవి మూడూ కలిపి 2017 నవంబరులో ప్రకటించారు. కాబట్టి ఒక అవార్డు పేరు మీద ఫైలు కట్టకండి. కళాకారుడి పేరు మీద కట్టుకోండి. పైన పెట్టే కవరింగ్ లెటరు ఒక్కటి మారిస్తే దేనికైనా పనికిరావాలి.

కావలసినవి

– ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ: జిరాక్సులు రెండేసి
– మీసేవలోనో సచివాలయంలోనో తీసుకున్న నివాస ధ్రువపత్రం
– ఈమధ్య తీసిన పాస్‌పోర్టు ఫొటోలు 6, వేషంలోనో వాద్యంతోనో ఉన్న పెద్ద ఫొటో 1
– దొరికినన్ని పాత కరపత్రాలు, ఆహ్వానపత్రాలు, పేపరు కటింగులు, ప్రశంసాపత్రాలు
– ఆకాశవాణి, దూరదర్శన్ కాంట్రాక్టు లెటర్లు, గ్రేడు (ఆడిషన్‌లో ఇచ్చే స్థాయి) ఉంటే ఆ ఉత్తరం
– సిఫారసు లేఖలు 3 (అంతకన్నా ఎక్కువ వద్దు)
– 3 నిమిషాల వీడియో
– 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కు ఒకటి

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. పని మొదలయ్యేది దానితోనే.

1. పేరు ఒకటి చేయండి

కరపత్రంలో ‘భాగవతార్’ అనో ‘దాసు’ అనో తోకతో ఉంటుంది. పేపరులో ఊరిపేరు ఇంటిపేరయిపోతుంది. ఆధార్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది, పాసుపుస్తకంలో పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది. మీకు అందరూ ఒకరేనని తెలుసు. ఫైలు చూసే సెక్షన్ క్లర్కుకు తెలియదు.

ఆధార్‌లో ఉన్నదే అసలు పేరుగా పెట్టుకోండి. రంగస్థల నామాన్ని దాని పక్కన ‘అను పేరుతో ప్రసిద్ధులు’ అని ఒక్కసారి రాసి, ఫైలంతా అదే పద్ధతి పాటించండి. తేడా మరీ ఎక్కువైతే స్టాంపు పేపరు మీద ‘ఈ రెండు పేర్లూ నావే’ అని నోటరీ అఫిడవిట్ చేయించండి. నోటరీ దగ్గర ‘వన్ అండ్ సేమ్ అఫిడవిట్’ అంటే చాలు, చేసిస్తారు. ఇంగ్లీషు స్పెల్లింగు కూడా ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే రాయండి. అక్కడ ఒక అక్షరం తప్పుంటే అదీ అలాగే. లేదా ముందు ఆధార్‌లో సరిచేయించి, ఆ తర్వాతే ఫైలు మొదలుపెట్టండి.

2. పుట్టిన తేదీ, జిల్లా పేరు సరిచూడండి

పెద్దవయసు కళాకారుల్లో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అనో, ఉత్త సంవత్సరమో ఉంటుంది. ఉంటే ఉండనివ్వండి. కానీ దాని పక్కన మీరు రాసే కథ లెక్కకు నిలవాలి. ఆధార్‌లో 1955 ఉండి, ‘1958లో తొలి ప్రదర్శన’ అని రాస్తే మూడేళ్ల పిల్లాడు బుర్రకథ చెప్పినట్టవుతుంది. ఫైలులో ఉన్న ప్రతి సంవత్సరం లోంచి పుట్టిన సంవత్సరం తీసేసి చూడండి. వచ్చిన వయసు నమ్మేలా లేకపోతే ఆ రెంటిలో ఒకటి తప్పు.

జిల్లాలతో మరో చిక్కు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, 2025 డిసెంబరు 31న 28 అయ్యాయి. తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట పాత కాగితాల్లో అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. నకాషీ బొమ్మల చేర్యాల పాత కాగితాల్లో వరంగల్, ఇప్పుడు సిద్దిపేట. పాత ప్రశంసాపత్రం మీద ఒక జిల్లా, ఆధార్‌లో ఒక జిల్లా కనిపిస్తే ‘స్థానికుడు కాదు’ అనే అనుమానం వస్తుంది. మొదటి పేజీలోనే ‘పూర్వపు ఫలానా జిల్లా, ప్రస్తుత ఫలానా జిల్లా’ అని రాసేయండి.

3. ఏ రాష్ట్రానికి పెట్టాలో నిర్ణయించుకోండి

కృష్ణా జిల్లాలో పుట్టి, హైదరాబాద్‌లో 30 ఏళ్లుగా నాట్యం నేర్పుతున్నవారు ఎక్కడ పెట్టాలి? నివాస ధ్రువపత్రం ఎక్కడ తేగలరో అక్కడ. ఆధార్ చిరునామా, శిష్యులు, ఎక్కువ ప్రదర్శనలు ఒకే రాష్ట్రంలో ఉంటే పేచీ లేదు. పుట్టిన రాష్ట్రంలో పెట్టాలనుకుంటే ఆ రాష్ట్రంలో చేసిన పని విడి పేజీగా చూపాలి. ఒకే ఏడాది రెండు చోట్లా పెట్టడం మాత్రం మంచిది కాదు. రెండు ఆఫీసుల్లోనూ ‘అవతలివాళ్లు చూసుకుంటారులే’ అనుకునే వీలిచ్చినట్టవుతుంది.

4. ఏడాదివారీ పట్టిక రాయండి

నోట్‌బుక్కు తీయండి. పేజీకి ఆరు గడులు గీయండి: సంవత్సరం, ఊరు, సందర్భం, పిలిచినవారు, చేసిన పాత్ర లేక కథ, రుజువు నంబరు. కళాకారుణ్ణి కూర్చోబెట్టి అడగండి.

‘1987లో ఎక్కడ ఆడారు?’ అంటే ఎవరికీ గుర్తుండదు. గుర్తొచ్చేలా అడగాలి. పెద్దమ్మాయి పెళ్లికి ముందా తర్వాతా? దివిసీమ ఉప్పెన నాటికి ఈ బృందం ఉందా? (అది 1977 నవంబరు.) గోదావరి పుష్కరాలకు పాడారా? (2003, 2015.) కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది ఏ జాతరలో ఉన్నారు? ఇలా ఒక్కొక్క మేకు కొట్టుకుంటూ పోతే మధ్య ఏళ్లు వాటంతటవే వచ్చి తగులుకుంటాయి. రెండు మూడు పూటలు పడుతుంది. ఒక్క పూటలో ముగించాలని చూడకండి. పెద్దవాళ్లు అలసిపోయి ‘ఏదో ఒకటి రాసుకో’ అంటారు, అక్కడే తప్పులు దూరతాయి.

బృందంలో పాతవాళ్లు ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టండి. ఇద్దరూ ఒకే ఏడాది చెబితే టిక్కు పెట్టండి. చెరో ఏడాది చెబితే ‘సుమారు’ అని రాయండి. ‘సుమారు 1985’ అని రాసినందుకు ఎవరూ తప్పుపట్టరు. 1985 అని కచ్చితంగా రాసి కరపత్రం మీద 1989 ఉంటే మాత్రం మిగతా అంకెలన్నిటినీ అనుమానిస్తారు.

మొత్తం ప్రదర్శనల సంఖ్య కూడా ఇక్కడే తేల్చుకోండి. ‘వేలాది’ అన్నది సంఖ్య కాదు. ఏడాదికి సగటున 40, 30 ఏళ్లు, అంటే సుమారు 1,200 అని లెక్క చూపండి. కరోనా కాలంలో ప్రదర్శనలు లేని నెలలు తీసేశారని తెలిస్తే చదివేవారికి ఇంకా నమ్మకం కుదురుతుంది.

5. రుజువులకు నంబర్లు వేయండి

పేపరు కటింగులతోనే ఎక్కువ పొరపాట్లు. వార్త వరకు కత్తిరించి, పేపరు పేరూ తేదీ లేకుండా అతికించేస్తారు. అది రుజువు కాదు. పేపరు పేరు, తేదీ, ఎడిషన్ కనిపించేలా పేజీ మొత్తం స్కాన్ చేయాలి. ఇప్పటికే కత్తిరించేసి ఉంటే, తేదీ తెలిస్తే, ఆ పేపరు జిల్లా ఆఫీసులోనో జిల్లా గ్రంథాలయంలోనో పాత ఫైలు వెతికించండి. దొరక్కపోతే ఆ కటింగును చివర పెట్టండి, ముందు పెట్టకండి.

పాత ఫొటోలకు వెనక వైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, చేత్తో రాసిన తేదీ చాలాసార్లు అక్కడే ఉంటాయి. గుంపు ఫొటోలో కళాకారుడు ఎవరో జిరాక్సు మీద బాణం గుర్తు వేయండి. అసలు ఫొటో మీద పెన్ను పెట్టకండి.

బలమైన రుజువులు వరుసగా ఇవి: ఆకాశవాణి గ్రేడు లేదా కాంట్రాక్టు; తంజావూరులోని దక్షిణ మండల, నాగ్‌పూర్‌లోని దక్షిణ మధ్య మండల సాంస్కృతిక కేంద్రాల ఆహ్వానాలు; టీటీడీ, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ ఉత్సవాల ఉత్తరాలు; ఆ తర్వాత ఆలయ కమిటీలు, గ్రామ పెద్దలు ఇచ్చినవి. శాలువా కప్పిన ఫొటోలు అన్నిటికన్నా కింద. 40 శాలువా ఫొటోలకన్నా ఒక్క కాంట్రాక్టు లెటరు బరువు ఎక్కువ. ఇంట్లో గోడ నిండా ఉన్న మెమెంటోల ఫొటో ఒక్కటంటే ఒక్కటి పెట్టండి, అదీ పెద్దాయన మనసు నొచ్చుకుంటుందనుకుంటేనే.

జానపద కళాకారుల దగ్గర ఇవేవీ ఉండకపోవచ్చు. అప్పుడు జాతర జరిగే ఊరి పంచాయతీ నుంచి ‘ఫలానా సంవత్సరం నుంచి ప్రతి ఏటా మా ఊరి ఉత్సవంలో కథ చెబుతున్నారు’ అని లెటర్‌హెడ్ మీద తేదీతో తీసుకోండి. ఒకే ఊరి నుంచి ఐదు కాదు, ఐదు ఊళ్ల నుంచి ఒక్కొక్కటి. కులానికి కథ చెప్పే ఆశ్రిత కళాకారులైతే మిరాశీ గ్రామాల (వంశపారంపర్యంగా కథ చెప్పే హక్కున్న ఊళ్ల) జాబితా రాసి పెట్టండి. ఆ సంప్రదాయం తెలిసినవారికి అదే గట్టి ఆధారం.

6. ఒక్క పేజీ పరిచయం రాయండి

ఫైలు మొత్తంలో అందరూ తప్పక చదివేది ఈ పేజీ ఒక్కటే. సాధారణంగా ఇలా రాస్తారు:

‘కళామతల్లి ముద్దుబిడ్డ, బహుముఖ ప్రజ్ఞాశాలి అయిన శ్రీ ఫలానా గారు చిన్ననాటి నుంచే కళపై మక్కువతో దేశవ్యాప్తంగా వేలాది ప్రదర్శనలిచ్చి ఎందరో ప్రముఖుల ప్రశంసలందుకుని జానపద కళకు జీవితాన్ని అంకితం చేశారు.’

పేరు తీసేసి మరో పేరు పెట్టినా ఈ వాక్యం అలాగే సరిపోతుంది. దాంతో ఏ కళో కూడా తెలియలేదు. అదే పేజీని ఇలా మొదలుపెట్టి చూడండి (అంకెలు నమూనాకు వేసినవి):

‘తోలుబొమ్మలాట కళాకారుడు. వయసు 67. తండ్రి దగ్గర 12వ ఏట బొమ్మ పట్టారు. 1984 నుంచి 7 మందితో సొంత బృందం. ఆడించే కథలు: సుందరకాండ, మైరావణ చరిత్ర, విరాటపర్వం. బృందం దగ్గర 140 బొమ్మలున్నాయి, 60 తాను స్వయంగా చేసినవి. సుమారు 1,100 ప్రదర్శనలు (రుజువులు 4 నుంచి 19). నేర్పినవారు 9 మంది, వారిలో నలుగురు ఇప్పుడు విడిగా ఆడిస్తున్నారు (రుజువు 20).’

విశేషణం ఒక్కటీ లేదు, అయినా మనిషి కళ్లముందు కనిపిస్తున్నాడు. ‘జానపద కళాకారుడు’ అని ఆగిపోకుండా కళ పేరు కచ్చితంగా చెప్పండి. ఒగ్గు కథా, శారద కథా, తప్పెటగుళ్లా, వీరనాట్యమా? ప్రధాన కథకుడా, వంతా, డోలు వాయించేవారా? పద్మశ్రీ అందుకున్నవారిని ఏ పేరుతో గుర్తుపెట్టుకున్నామో చూడండి: 2022లో దర్శనం మొగులయ్య అంటే పన్నెండు మెట్ల కిన్నెర, 2024లో దాసరి కొండప్ప అంటే బుర్రవీణ, గడ్డం సమ్మయ్య అంటే చిందు యక్షగానం. కళ అరుదైనదైతే ఆ సంగతి పేరులోనే తెలిసిపోతుంది, మీరు ‘అరుదైన’ అని రాయనక్కర్లేదు.

బృంద కళల్లో ఒక జాగ్రత్త. పేరు ఒకరిదే వెళ్తుంది, పని అందరిదీ. తర్వాత తగువు రాకుండా ‘మా తరఫున ఫలానావారి పేరు పంపడానికి సమ్మతమే’ అని బృంద సభ్యుల సంతకాలు తీసుకుని ఫైలులో పెట్టండి.

7. సిఫారసు లేఖలు: మూడే

ఒకటి ఆ కళ తెలిసినవారిది (విశ్వవిద్యాలయ అధ్యాపకులు, అదే రంగంలో పేరున్న కళాకారులు). ఒకటి పని చేయించుకున్నవారిది (ఉత్సవ నిర్వాహకులు, బడి ప్రధానోపాధ్యాయులు). ఒకటి ప్రజాప్రతినిధిది. మూడోది లేకపోయినా నష్టం లేదు, అది ఒక్కటే ఉంటే మాత్రం నష్టం.

లేఖలో ‘నేను వీరి ప్రదర్శన ఫలానా చోట, ఫలానా ఏడాది చూశాను’ అన్న వాక్యం ఉండాలి. మూడు లేఖలూ మీరే టైపు చేయించి సంతకాలు పెట్టిస్తే మూడింటిలోనూ అవే మాటలు, అదే అక్షరదోషం కనబడతాయి. వివరాలు రాసిన కాగితం ఇవ్వండి, వాక్యాలు వాళ్లనే రాసుకోనివ్వండి. తేదీ, సంతకం, హోదా, ఫోన్ నంబరు లేని లేఖ తీసుకోకండి.

8. వీడియో తీయండి

ఫోను అడ్డంగా పట్టండి. మొదటి 10 సెకన్లు కళాకారుడే పేరు, ఊరు, కళ చెప్పాలి. తర్వాత కోతలు లేకుండా 3 నిమిషాలు. వెనక వేరే సంగీతం కలపకండి.

డోలు, డప్పు, రమడోలు దగ్గరగా తీస్తే శబ్దం పగిలిపోతుంది. ఆరేడు మీటర్లు వెనక్కి జరగండి. హరికథ, కిన్నెర లాంటివాటికి మూడు మీటర్లు చాలు. తోలుబొమ్మలాటైతే తెర వెలుతురుకు ఫోను తికమకపడి బొమ్మ రంగులన్నీ తెల్లగా చేసేస్తుంది. తెర మీద బొమ్మ ఉన్నచోట వేలు నొక్కిపట్టి, ఎక్స్‌పోజర్ లాక్ అయ్యాక కాస్త తగ్గించి తీయండి.

యూట్యూబ్‌లో ‘అన్‌లిస్టెడ్’గా పెట్టండి. ‘ప్రైవేట్’ అని పెడితే మీకు తప్ప ఎవరికీ తెరుచుకోదు. పెట్టాక మీ ఇంట్లో కాని ఫోనులో తెరిచి చూడండి. కాగితం మీద లింకు అచ్చువేస్తే ఎవరూ టైపు చేయరు. పక్కన క్యూఆర్ కోడ్ వేయండి.

9. టైపు, కూర్పు

డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్స్‌లోనే టైపు చేస్తారు. కాగితం మీద అందంగానే వస్తుంది. అదే మ్యాటరును ఆన్‌లైన్ ఫారంలోనో మెయిల్‌లోనో పేస్టు చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. గడువు చివరి రోజున తెలిసే సంగతుల్లో ఇది మొదటిది. ముందే ‘యూనికోడ్‌లో కావాలి’ అని చెప్పండి. మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి.

వరుస ఇది: కవరింగ్ లెటరు, విషయసూచిక, ఒక పేజీ పరిచయం, గుర్తింపు పత్రాలు, ఏడాదివారీ పట్టిక, నంబర్లు వేసిన రుజువులు, సిఫారసులు, వీడియో పేజీ. మొత్తం 25 పేజీలు దాటనివ్వకండి. ప్రతి పేజీకీ కింద నంబరు. లామినేషన్ వద్దు, ప్లాస్టిక్ కవర్లలో పెట్టడమూ వద్దు. ఆఫీసులో స్కాన్ చేసేటప్పుడు మెరుస్తాయి, లేదా ఊడదీసి పోగొడతారు. స్పైరల్ బైండింగ్ చాలు. అసలు పత్రాలు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకండి.

మూడు సెట్లు చేయించండి: ఒకటి ఆఫీసుకు, ఒకటి జిల్లాకు, ఒకటి మీ దగ్గర. పీడీఎఫ్ విడిగా. ఫొటోల పేజీలు 300 డీపీఐ, ఉత్త అక్షరాల పేజీలు 150 డీపీఐ బ్లాక్ అండ్ వైట్ పెడితే సైజు సగానికి పైగా తగ్గుతుంది.

10. ఇచ్చి, రసీదు తీసుకోండి

తెలంగాణలో హైదరాబాద్ రవీంద్రభారతి ప్రాంగణంలోని భాషా సాంస్కృతిక శాఖ. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని భాషా సాంస్కృతిక శాఖ. జిల్లాలో కలెక్టరేటు ద్వారా పంపమని ప్రకటనలో ఉంటే అక్కడ, సాధారణంగా డీపీఆర్వో (జిల్లా పౌర సంబంధాల అధికారి) ఆఫీసు చూస్తుంది. ప్రకటనలో ఏ దారి చెబితే ఆ దారినే పంపండి.

సోమవారం అర్జీలు తీసుకునేచోట ఇచ్చేద్దామని చాలామంది అనుకుంటారు. అక్కడ ఇస్తే అది ఫిర్యాదు కింద నమోదై, ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అన్న జవాబుతో ముగిసిపోయే అవకాశం ఎక్కువ. నేరుగా ఇన్‌వర్డ్ సెక్షన్‌లో (వచ్చిన కాగితాలు నమోదు చేసుకునేచోట) ఇచ్చి, మీ దగ్గరున్న సెట్టు మొదటి పేజీ మీద ఆఫీసు ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. పోస్టులో అయితే స్పీడ్ పోస్టు. రసీదును అదే పేజీకి పిన్ను చేయండి. ఎవరికో ‘చేత్తో ఇచ్చి వచ్చిన’ ఫైలుకు ఆనవాలుండదు.

నాటకం, సినిమా వాళ్లకు

నంది నాటకోత్సవంలో పద్య నాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక, కళాశాల నాటిక అని విభాగాలుంటాయి. విభాగం తప్పు పెడితే నాటకం బాగున్నా పక్కకు పోతుంది. నిడివి చూసుకుని నాటకమా నాటికా తేల్చుకోండి. సమాజం రిజిస్ట్రేషన్ పత్రం, రచన కాపీలు, రచయిత సమ్మతి లేఖ తప్పనిసరని అనుకునే సిద్ధం చేసుకోండి. పంపిన రచనకూ ఆడే రచనకూ తేడా ఉండకూడదు. సినిమాకైతే విడుదల తేదీ కాదు, సెన్సార్ సర్టిఫికెట్ తేదీ ముందు చూసుకోండి. సంవత్సరం లెక్క సాధారణంగా దానిమీదే నడుస్తుంది.

ఇచ్చేముందు పరీక్ష

ఫైలును కళతో సంబంధం లేని ఒకరికి ఇచ్చి 5 నిమిషాలు చదవమనండి. పుస్తకం మూయించి నాలుగు ప్రశ్నలడగండి: ఏ కళ? ఎన్నేళ్ల నుంచి? ఎవరికి నేర్పారు? ఎక్కడివారు? నాలుగింటికీ తడుముకోకుండా జవాబు వస్తే ఫైలు బాగున్నట్టు. ‘చాలా గొప్పవారండీ’ అని మాత్రమే అంటే 6వ అంచెకు వెనక్కి వెళ్లండి.

తర్వాత పరిచయంలోని ప్రతి అంకెకూ పక్కనున్న రుజువు నంబరు చూసి, ఆ పేజీ తిప్పి చూడండి. పేజీలు మారాక నంబర్లు మారలేదేమో ఇక్కడే దొరుకుతుంది.

డబ్బు అడిగితే

జీవన సాఫల్యం, జాతీయ పురస్కారం, గౌరవ డాక్టరేట్ అంటూ ఫోను చేసి ‘రిజిస్ట్రేషన్’ కింద డబ్బు కట్టమంటే అది ప్రభుత్వానిది కాదు. రవీంద్రభారతిలో ఇస్తున్నారు కదా అంటారు. ఆ వేదికను ప్రైవేటు సంస్థలకూ అద్దెకిస్తారు. ప్రభుత్వ పురస్కారమైతే జీవో ఉంటుంది; నంబరు, తేదీ అడిగి ప్రభుత్వ జీవోల వెబ్‌సైటులో చూడండి. పోటీల ఎంట్రీ ఫీజు వేరే సంగతి, అది ప్రకటనలోనే రాసి ఉంటుంది.

ఎంపికయ్యాక

ముందు బ్యాంకు ఖాతా చూడండి. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన ‘చిన్న ఖాతా’లో ఏడాదికి లక్ష రూపాయలకు మించి జమ కాకూడదు, నిల్వ 50 వేలు దాటకూడదు. 1,01,116 రూపాయల పురస్కారం ఒక్కటే ఆ గీత దాటేస్తుంది. కేవైసీ పూర్తిచేయించి మామూలు పొదుపు ఖాతాగా మార్పించండి. లావాదేవీలు లేక మూలపడిన ఖాతా అయితే తెరిపించండి.

పన్ను విషయం. ప్రజాప్రయోజనం కోసం రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పిన అవార్డు సొమ్ముకు 1961 ఆదాయపు పన్ను చట్టంలో 10(17ఏ) కింద మినహాయింపు ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి. జీవో కాపీ ఆడిటరుకు చూపించి రిటర్నులో ఎక్కడ చూపాలో అడగండి.

ఇక పేరుకు ముందు తగిలించుకోవడం. పద్మ పురస్కారాలను పేరుకు ముందూ వెనకా బిరుదులా వాడకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. రాష్ట్ర పురస్కారం విషయంలోనూ ‘కళారత్న ఫలానా’ అని కాకుండా ‘కళారత్న పురస్కార గ్రహీత’ అని వేయించుకోవడమే పద్ధతి.

రాకపోతే

‘నాకెందుకు ఇవ్వలేదు’ అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టకండి. ఎందుకు అన్నదానికి జవాబు రాదు, ఉన్న రికార్డు మాత్రమే ఇస్తారు. ఇలా అడగండి: ఇన్‌వర్డ్ నంబరు ఇంత, తేదీ ఇంత గల నా దరఖాస్తు ఏ తేదీన ఎవరికి పంపారు; ఎంపిక కమిటీని నియమించిన ఉత్తర్వు కాపీ; మార్గదర్శకాల కాపీ. రాష్ట్ర, జిల్లా ఆఫీసులకు ఫీజు 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆపై 30 రోజుల్లో అదే ఆఫీసులోని అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు.

అదే ఫైలుతో పద్మ పురస్కారాలకూ నామినేషన్ వేయొచ్చు. కేంద్రం పోర్టల్‌లో ఎవరి పేరు ఎవరైనా, తమ పేరు తామే అయినా, పెట్టవచ్చు. పరిచయం 800 పదాలు దాటకూడదు. మీ ఒక పేజీ పరిచయం, రుజువుల జాబితా కలిపితే అది దాదాపు సిద్ధమైనట్టే.

మరుసటి ఏడాదికి పాత ఫైలు తేదీ మార్చి పంపకండి. నోట్‌బుక్కులో ఆ ఏడాది వరుసలు చేర్చి, వయసు మార్చి, ఒక కొత్త రుజువు పెట్టి, బలహీనమైనది ఒకటి తీసేసి, పాత ఇన్‌వర్డ్ నంబరును కవరింగ్ లెటరులో ప్రస్తావించి పంపండి.